చెమట ఆరిన తరువాతి సంగతి

తెలుగులో ఇస్లామును గురించి వ్రాసే వ్యాసాలలోనూ, చేసే ఉపన్యాసాలలోనూ కార్మికుని ప్రస్తావన వచ్చినదంటే ఒక హదీసు తప్పక వినిపిస్తుంది. కూలివాని చెమట ఆరకముందే అతని కూలి అతనికి ముట్టజెప్పవలెనని మహాప్రవక్త (స) ఆదేశించిన హదీసు అది. మే నెల సమీపించగానే శుక్రవారపు ఖుత్బాలలో, కరపత్రాలలో, ప్రత్యేక సంచికలలో అదే మారుమ్రోగుతుంది. దాని వెనుకనే, చేతిక్రింద ఉన్నవారిని సోదరులుగా ఎంచి తాము తినేది వారికి పెట్టవలెనని బోధించే హజ్రత్ అబూజర్ (రజి) ఉల్లేఖనం వస్తుంది. ఆపైన హజ్రత్ ఉమర్ (రజి) రాత్రివేళ వీధులలో తిరిగి ప్రజల కష్టసుఖాలు తెలుసుకొన్న ఉదంతాలు. చివరి పుటలో పెట్టుబడిదారీ విధానము, కమ్యూనిజము రెండూ విఫలమైనవనీ, ఇస్లాము మాత్రమే శ్రామికునికి న్యాయం చేకూర్చగలదనీ తీర్మానం. అంతటితో వ్యాసం పూర్తి.

ఈ రచనలలో చెప్పినది అసత్యం కాదు. చెప్పక విడిచినదే ఎక్కువ. చెమట ఆరిపోయినది, కూలి రాలేదు, అప్పుడేమి జరుగవలెను? రోజుకు ఇంత అని ఒప్పుకొన్నావని కూలివాడు, కాదు అంతకు తక్కువేనని యజమాని వాదిస్తే ఎవరి మాట చెల్లవలెను? పని సరిగా చేయలేదని చెప్పి సగం కూలి కోసుకొన్న యజమానిని అడిగే అధికారం ఎవరిది? ఫిఖహ్ గ్రంథాలలో ఈ ప్రశ్నలకు పుటల కొలది చర్చ ఉన్నది. తెలుగు వ్యాసాలలో దాని జాడ లేదు. హదీసు ఎక్కడ మొదలుపెట్టినదో అక్కడనే వ్యాసం ముగిసిపోతున్నది. ఫలితంగా ఈ రచనలన్నీ కూలి ఇచ్చేవానికి హితబోధలుగా మిగిలి, కూలి రావలసినవానికి దారి చూపలేకున్నవి.

మొదట ఆ హదీసునే పరిశీలించటం మంచిది. దీనిని ఇబ్నెమాజా తమ సునన్‌లో హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖనంగా పొందుపరిచారు. ఆ సనదులో అబ్దుర్రహ్మాన్ బిన్ జైద్ బిన్ అస్లమ్ ఉన్నాడు. హదీసువేత్తలు అతనిని బలహీనుడైన ఉల్లేఖకునిగా ఎంచారు. ఇతర మార్గాల బలంతో పలువురు విద్వాంసులు ఈ హదీసును స్వీకరించిన మాట నిజమే. అయినప్పటికీ సనదు దృష్ట్యా దీనికన్న ఎంతో బలమైన హదీసు సహీహ్ బుఖారీలోని ఇజారా ప్రకరణంలో హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖనంగా ఉన్నది. ప్రళయదినాన అల్లాహ్ తానే ప్రతివాదిగా నిలిచే ముగ్గురిలో ఒకడు, కూలివానిచేత పూర్తిగా పని చేయించుకొని కూలి ఇవ్వనివాడు. ఈ రెండింటికీ గల తేడా గమనించదగినది. మొదటిదానిలో ఆదేశం ఉన్నది. రెండవదానిలో వ్యాజ్యం ఉన్నది, కక్షిదారులు ఉన్నారు, విచారణ దినం ఉన్నది. కూలి ఎగగొట్టటం కేవలం దయలేని పని కాదనీ, అది న్యాయస్థానానికి ఎక్కవలసిన వివాదమనీ ఈ హదీసు శైలియే చెబుతున్నది. వ్యాసకర్తలు రెండింటినీ ఉదహరిస్తారు; రెండింటినుండీ ఒకే నీతిని తీస్తారు.

అనువాదంలో జరిగిన పొరపాటు ఇంతకన్న లోతైనది. అరబ్బీలో ‘అజీర్’ అంటే ఒప్పందంపై కూలికి పనిచేసేవాడు. అతనికి రావలసినది ‘ఉజ్రత్’. హజ్రత్ అబూజర్ (రజి) హదీసులో ప్రస్తావితులు వేరు. వారు ఒకరి అధీనంలో ఉన్నవారు, ఆనాటి బానిసలు. వారి విషయంలో యజమానికి చెప్పినది కరుణ, సోదరభావం, మోయలేని భారం వేయకుండుట. తెలుగు రచనలలో అజీరుకూ, అధీనునికీ కలిపి ‘సేవకుడు’ అనే ఒక్క మాట వాడటం పరిపాటి అయినది. ఆ ఒక్క మాటతో ఒప్పందం ద్వారా వచ్చిన హక్కు యజమాని దయాగుణంగా మారిపోతున్నది. బానిసపట్ల చూపవలసిన కరుణను కూలివానికి విస్తరించటం మంచిదే, కాని కూలివాని హక్కును కరుణలో కలిపివేయటం మంచిది కాదు. దివ్య ఖుర్ఆన్ అల్ ఖసస్ సూరాలో (28:26–28) మూసా ప్రవక్త (అలై) మద్‌యన్‌లో పనికి కుదిరిన సందర్భం ఉన్నది. కాలపరిమితి ఎనిమిది సంవత్సరాలు, పది పూర్తిచేయటం ఆయన ఇష్టం, కష్టపెట్టే ఉద్దేశం లేదని యజమాని మాట, అల్లాహ్ సాక్ష్యం. ఒక ప్రవక్త అజీరుగా ఉన్న ఆ ఘట్టంలో సేవకుడు అనే మాటకు తావే లేదు, అక్కడ ఉన్నవి షరతులు.

ఈ చర్చకు అనంతపురం పీఠభూమికన్న తగిన పరీక్షాస్థలం దొరకటం కష్టం. ఖుర్ఆనును తొలిసారి పూర్తిగా తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావు అనంతపురంలోని దత్తమండల కళాశాలలో అధ్యాపకుడు. ఆ గ్రంథంలో అజ్ర్ అనే మాటకు తెలుగు మాట వెదకవలసి వచ్చిన ఊరు, ఏటా పని కోసమూ, కూలి కోసమూ వెదకే జిల్లాకు ముఖ్యపట్టణం కావటం యాదృచ్ఛికమే కావచ్చు. సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది కూడ నమ్మకం లేని వాన. వేరుశనగ తప్పినదంటే పల్లె మొత్తం కూలికి లేవవలసినదే. బెంగుళూరు దారి పట్టనివారికి దిక్కు ప్రభుత్వం పెట్టే పని. ఇది ఈనాటి మాట కాదు. 1876–78 నాటి ధాత కరువులో, ఈ ప్రాంతమంతా ఇంకా బళ్ళారి జిల్లాలో ఉన్న రోజులలో, వేలాదిమంది కరువు పనులలో రాళ్ళు కొట్టారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ ఆ కూలిని మగవానికి రోజుకు ఒక పౌండు ధాన్యం, దానిపై కొద్దిపాటి చిల్లరకు తగ్గించాడు. మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ అది పనిచేసే మనిషికి చాలదని గట్టిగా వాదించాడు. ఇద్దరు దొరలమధ్య కాగితాలు నడిచినవి. రాళ్ళు కొట్టేవాని మాట ఏ కాగితంలోనూ లేదు.

2006 ఫిబ్రవరి 2వ తేదీన ఇదే జిల్లాలో, నార్పల మండలం బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైనది. ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చారు. మొహర్రంలో పీర్ల ఉత్సవానికి వేలమంది చేరే గూగూడు కూడ ఆ మండలంలోనిదే. 2005 నాటి ఆ చట్టం ఇంటికి నూరు రోజుల పని ఇచ్చినదన్న సంగతి అందరికీ తెలుసు. వివాదాల దృష్ట్యా అందులో ముఖ్యమైనది నూరు రోజులు కాదు, తేదీలు. పని అడిగిన 15 రోజులలో పని చూపవలెను. చూపనిచో నిరుద్యోగ భృతి ఇవ్వవలెను. కూలి వారం వారం, ఎంత ఆలస్యమైనా పక్షం దాటకుండ చెల్లించవలెను, దాటితే నష్టపరిహారం. అనంతపురం ఎండగాలికి చెమట నిముషాలలో ఆరిపోతుంది. పక్షం రోజుల గడువు ఆ హదీసుకు ఎంత దూరమో చెప్పనక్కరలేదు. అయితే ఆ పక్షమైనా చట్టంలో వ్రాసి ఉన్నది, తప్పినప్పుడు ఏమి చేయవలెనో కూడ వ్రాసి ఉన్నది. అదే తేడా.

వ్రాసి ఉన్నంత మాత్రాన జరిగినదా? జరగలేదు. పని అడిగిన దరఖాస్తుకు తేదీ వేసిన రశీదు ఇవ్వవలెనని నిబంధన. రశీదు ఇవ్వకపోతే అడిగిన తేదీ లేదు. తేదీ లేకపోతే 15 రోజులు ఎన్నడూ పూర్తికావు. నిరుద్యోగ భృతి పుట్టదు. ఒక చిన్న కాగితపుముక్కను బిగబట్టి మొత్తం హక్కును ఆపవచ్చునని దీనివలన తెలియవచ్చినది. కూలి ఆలస్యానికి రోజుకు 0.05 శాతం పరిహారం తరువాత ఏర్పరచారు. దానిలోనూ కిటుకు ఉన్నది. నిధుల బదిలీ ఆదేశంపై సంతకం అయ్యేవరకే ఆలస్యం లెక్కించి, ఆ తరువాత కేంద్రం నుండి డబ్బు ఖాతాలో పడేవరకు గడచిన రోజులను లెక్కలో చేర్చలేదు. 2018 మే నెలలో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని తప్పుపట్టినది. చెమట ఆరినదా లేదా అన్నది కాదు, చెమట ఎప్పుడు ఆరినట్లు లెక్క అన్నదే వివాదమైనది.

ఇక్కడ ఫిఖహ్ ఏమంటున్నదో చూడవలెను. భారతదేశపు మదర్సాలలో తరతరాలుగా పాఠ్యగ్రంథమైన హిదాయా, హిజ్రీ 593లో మరణించిన బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్) రచన. 1791లో చార్లెస్ హామిల్టన్ దీనిని ఆంగ్లంలో అనువదించాడు. అందులోని కితాబుల్ ఇజారాత్ కూలివారిని రెండు తరగతులుగా విభజిస్తుంది. అజీరె ఖాస్ ఒకరికే నియమిత కాలం పనిచేసేవాడు. అజీరె ముష్తరక్ పనిని బట్టి కూలి తీసుకొంటూ ఎవరికైనా పనిచేయగలవాడు. ఈ రెండు మాటలను సంస్కృత సమాసాలుగా మార్చే శ్రమ అక్కరలేదు. రాయలసీమ పల్లెలో మొదటివాడు జీతగాడు, రెండవవాడు గుత్తకు పనిచేసేవాడు. ఇద్దరి హక్కులూ ఒకటి కావు. జీతగాడు నియమిత కాలంలో తనను తాను పనికి అప్పగించినచో, యజమాని పని చూపకపోయినా కూలికి అర్హుడు. గుత్తపనివాడు పని పూర్తిచేసిన తరువాతనే కూలి అడగగలడు. ఒప్పందం జరిగినంత మాత్రాన కూలి బాకీ కాదు. ముందుగా ఇవ్వవలెనని షరతు ఉంటేనో, యజమాని తనంతట తాను ముందుగా ఇస్తేనో, పని అందితేనో అది చెల్లించవలసినది అవుతుంది. గడువు అంతా ముగిసినదాకా కూలి అడగరాదన్న తొలి అభిప్రాయాన్ని ఇమామ్ అబూహనీఫా (రహ్) స్వయంగా విడిచి, మజిలీ మజిలీకి, దినదినానికి అడిగే హక్కు కొన్ని ఇజారాలలో ఉన్నదన్నారు. ఇమాములు తమ మాటను మార్చుకొన్నది ఎక్కువగా ఇటువంటి చోట్లనే, అంటే జీవితం దగ్గరకు వచ్చి నిలబడిన చోట్లనే.

ఉపాధి పనిలో గొయ్యి త్రవ్వే కూలీ ఈ రెండింటిలో ఏ తరగతి? ఉదయం వచ్చి హాజరు వేయించుకొనేటప్పుడు జీతగాడు. సాయంత్రం కొలత టేపు వచ్చినప్పుడు గుత్తపనివాడు. ఎన్ని ఘనపు మీటర్లు త్రవ్వితే అంత కూలి. మెత్త నేలకు ఒక రేటు, గట్టి నేలకు ఒక రేటు, రాతి నేలకు మరొకటి. ఈ పీఠభూమిలో పైన బెత్తెడు ఎర్రమట్టి, క్రింద రాయి. ఏ నేల అని పుస్తకంలో వ్రాసినవానిదే మాట. గరిష్ఠ కూలి ఇంత అని గోడమీద వ్రాసి ఉన్నా చేతికి అంతకన్న తక్కువ రావటానికి ముఖ్యకారణం ఈ కొలత. షరీఅత్‌లో పని ఎంత, కూలి ఎంత అన్నవి ముందే ఇద్దరికీ తెలిసి ఉండవలెననీ, తెలియనిచో ఇజారా చెడిపోతుందనీ, అప్పుడు ఆ పనికి లోకంలో నడిచే కూలిని బట్టి చెల్లించవలెననీ నియమం ఉన్నది. కూలికి కొలత ముందుగా తెలియని ఈ పద్ధతిపై షరీఅత్ దృష్టితో ఒక్క వ్యాసమైనా తెలుగులో రావలసి ఉండినది.

హిదాయాలో కూలివానికి ఇచ్చిన మరొక రక్షణ ఉన్నది. తన పని ఫలితం వస్తువులోనే నిలిచి ఉండే పనివాడు, అంటే రంగరేజు, బట్టను చలువచేసేవాడు, కూలి ముట్టేవరకు ఆ వస్తువును తనవద్ద నిలుపుకోవచ్చును. బరువు మోసేవానికి ఆ హక్కు లేదు. మోసిన బరువులో అతని పని మిగిలి ఉండదు. తెలుగులో హమాలీ అని పిలిచేది అరబ్బీ గ్రంథాలలోని ఈ హమ్మాల్‌నే. ధర్మవరం పట్టుమగ్గం ఈ నియమానికి చక్కని ఉదాహరణ. పట్టు, జరీ షావుకారువి, మగ్గం నేతగానిది, చీరకు ఇంత అని మజూరీ. చీర మగ్గంమీద ఉన్నంతవరకు నేతగాని చేతిలో ఆయుధం ఉన్నట్లే. కాని ఆ మగ్గం ఉన్న ఇంటివాడు ముందుగానే షావుకారువద్ద అడ్వాన్సు తీసుకొని ఉంటాడు. బాకీ ఉన్నవాడు చీరను ఎట్లా నిలుపుతాడు? ఫిఖహ్ ఇచ్చిన హక్కును అడ్వాన్సు తీసివేసినది. ధర్మశాస్త్రాన్ని పొగిడే వ్యాసం ఈ హక్కును చెప్పదు, కార్మికులను గురించిన వ్యాసం దీనిని ఎరుగదు.

ఫిఖహ్‌ను కూడ విమర్శనా దృష్టితో చదవవలసిన ఘట్టం ఒకటి ఉన్నది. కూలి మొత్తం విషయంలో తగాదా వచ్చినదనుకొందాము. పని ఇంకా మొదలు కానిచో ఇద్దరూ ప్రమాణం చేస్తారు, ఒప్పందం రద్దవుతుంది. పని పూర్తయిన తరువాత తగాదా వస్తే, కూలివానివద్ద సాక్ష్యం లేనిచో, ప్రమాణంపై యజమాని మాటయే చెల్లుతుందని హిదాయా చెబుతున్నది. తర్కం స్పష్టమే: ఎక్కువ మొత్తం రావలెనని వాదించేవాడు వాది, రుజువు వాదిపై, ప్రమాణం ప్రతివాదిపై. ఈ న్యాయసూత్రంలో దోషం లేదు. ఇద్దరు సమానులైన వ్యాపారులమధ్య ఇది సరిపోతుంది. కాని సాక్షులుగా ఉండగలవారంతా అదే యజమాని క్రింద పనిచేస్తున్నవారైనప్పుడు కూలివాడు సాక్ష్యం ఎక్కడనుండి తెస్తాడు? పని చేసివేసిన తరువాత అతని చేతిలో మిగిలేది చెమట మాత్రమే, చెమట సాక్ష్యం చెప్పదు. చెమట హదీసును మాత్రమే చదివినవాడు ఈ గోడకు తగిలి ఆగిపోతాడు.

గోడకు తలుపు ఖుర్ఆన్‌లోనే ఉన్నది. అల్ బఖరాలోని 282వ ఆయతు, మొత్తం ఖుర్ఆన్‌లోకెల్ల పొడవైనది, గడువుపై ఉన్న బాకీని వ్రాసి ఉంచుకోవలెనని ఆదేశిస్తుంది. వ్రాసేవాడు న్యాయంగా వ్రాయవలెను. బాకీపడినవాడే చెప్పి వ్రాయించవలెను, అందులో ఏమీ తగ్గించరాదు. చిన్నదైనా పెద్దదైనా వ్రాయటానికి విసుగుకోరాదు. చేతికి చేయి జరిగే వ్యాపారానికి మాత్రమే మినహాయింపు. కూలి సాయంత్రానికి చేతిలో పడితే అది ఆ మినహాయింపు వంటిది. పడకపోతే అది బాకీ. బాకీ అయిన మరుక్షణం ఈ ఆయతు వర్తించవలసినదే. పక్షం రోజుల తరువాత వచ్చే కూలి, నెల తిరిగితే వచ్చే జీతం, చీర దిగిన తరువాత ఇచ్చే మజూరీ అన్నీ గడువుపై ఉన్న బాకీలే. వ్రాయించవలసిన బాధ్యత బాకీపడినవానిపై, అనగా యజమానిపై ఉన్నదనటం ఈ ఆయతులో గమనింపదగిన విశేషం. వడ్డీ చర్చలలోనూ, స్త్రీ సాక్ష్యపు వాదాలలోనూ ఈ ఆయతును ఎన్నోసార్లు ఉదహరించిన రచయితలు కూలి ప్రస్తావనలో దీనిని మరచిపోవటం వింతగా ఉన్నది.

ఆధునిక చట్టం చివరకు చేరినది ఇక్కడికే. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి వేతనాల కోడు యజమాని వేతన చీటీ ఇవ్వవలెనంటున్నది. వేతనం రాలేదని దావా వచ్చినప్పుడు, ఇచ్చినానని రుజువు చేసే భారం యజమానిపై పెడుతున్నది. ఇది ఫిఖహ్‌కు విరుద్ధం కాదు. బాకీ ఉన్నదని తేలిన తరువాత, తీర్చినానని చెప్పేవాడే వాది అవుతాడు, రుజువు అతనిదే. గల్ఫు దేశాల అనుభవమూ ఇదే. కదిరి, రాయచోటి ప్రాంతాలనుండి వెళ్ళినవారికి ఇది బాగా తెలుసు. చెమట హదీసు ప్రతి మస్జిదులో వినిపించే ఆ దేశాలలోనే జీతాలు నెలల తరబడి నిలిచిపోయినవి. 2009లో ఎమిరేట్స్, 2013లో సౌదీ అరేబియా, 2015లో ఖతర్ జీతాలను బ్యాంకు ద్వారా చెల్లించి లెక్క చూపే పద్ధతి ప్రవేశపెట్టవలసి వచ్చినది. హదీసు తెలియకపోవటం అక్కడ సమస్య కాదు గదా.

రుజువు ఉన్నా దానిని అడిగేవాడు కావలెను. అబ్బాసీ కాలపు ఖాజీ, హిజ్రీ 450లో మరణించిన అల్ మావర్దీ (రహ్) తమ అహ్కామె సుల్తానియాలో ముహ్తసిబ్ అధికారాలను వివరిస్తూ ఒక విషయం ప్రస్తావించారు. యజమాని కూలి తగ్గించినా, పని పెంచినా ముహ్తసిబ్ అతనిని అడ్డగించవలెను. కూలివాడు పని తగ్గించినా, కూలి ఎక్కువ అడిగినా అట్లే చేయవలెను. అయితే ఇద్దరూ ఒకరి మాటను ఒకరు కాదంటే, తీర్పు చెప్పే అధికారం ఖాజీదే. తొమ్మిది వందల సంవత్సరాలకు పైబడిన ఈ నాలుగు వాక్యాలలో లేబరు ఇన్‌స్పెక్టరు ఎక్కడ ఆగవలెనో, లేబరు కోర్టు ఎక్కడ మొదలు కావలెనో ఉన్నది. ఫిర్యాదు చేసేదాకా ఎదురుచూడకుండ బజారులో తిరిగి చూసే అధికారి ముహ్తసిబ్. భయపడి ఫిర్యాదు చేయని కూలివానికి కావలసినవాడు ముందుగా ఆయనే, ఖాజీ తరువాత.

ఆంధ్రదేశంలో ఈ పనికి సామాజిక తనిఖీ అనే రూపం ఏర్పడినది. 2006లోనే అనంతపురం జిల్లాలో అది విస్తృతంగా జరిగినది. 2009లో దానికొక ప్రత్యేక సంస్థ ఏర్పడినది. కూలీల ఇళ్ళలోని చదువుకొన్న యువకులకు శిక్షణ ఇచ్చి, మస్టరు రోళ్ళ నకళ్ళు చేతికిచ్చి ఇంటింటికి పంపారు. నీ పేరిట ఇన్ని రోజులు పని వ్రాసినారు, ఇంత కూలి ఇచ్చినట్లు వ్రాసినారు, నిజమేనా అని అడగటం వారి పని. చనిపోయినవారి పేర్లు, వలసపోయినవారి పేర్లు, చేయని పనులు ఈ తనిఖీలలో బయటపడినవి. తరువాత మండల కేంద్రంలో ప్రజావేదిక. అందరి ఎదుట కాగితం చదువుతారు. కూలీ నిలబడి అవుననో కాదనో అంటుంది. అధికారి సమాధానం చెప్పవలెను. తేలిన సొమ్మంతా వసూలు కాలేదు, తప్పుచేసినవారంతా శిక్ష పొందలేదు. ఈ లోపాన్ని దాచవలసిన అవసరం లేదు. అయినా 1877లో ఏ కాగితంలోనూ లేని గొంతు ఇక్కడ కాగితాన్నే ప్రశ్నించినది.

సీరత్ చదివినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. ప్రవక్త పదవికి పూర్వం మక్కాలో జుబైద్ తెగకు చెందిన ఒక పరదేశి తన సరకు అమ్మగా, ఆస్ బిన్ వాయిల్ ధర చెల్లించలేదు. అతడు తన మొరను ఖురైషు పెద్దలందరికీ వినబడేటట్లు కాబా సమీపాన బహిరంగంగా చెప్పుకొన్నాడు. అప్పుడు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట హిల్ఫుల్ ఫుజూల్ ప్రమాణం జరిగినది. బాధితునికి అతని హక్కు తిరిగి ఇప్పించేవరకు అందరూ ఒక్కటిగా నిలబడవలెనని నిశ్చయించుకొన్నారు. మహాప్రవక్త (స) అందులో పాల్గొన్నారు. ఇస్లాము వచ్చిన తరువాత కూడ అటువంటి ఒప్పందానికి పిలిస్తే వస్తానన్నారు. సీరత్ వ్యాసాలలో దీనిని ఆయన సౌశీల్యానికి నిదర్శనంగా చూపి ముందుకు సాగిపోతారు. బాకీ రానివాడు బహిరంగంగా అడిగినాడు, నలుగురూ కలిసి ఇప్పించినారు అన్న సంగతి ఆ ప్రశంసలో మరుగున పడుతున్నది.

ఇటీవలి పరిణామం ఒకటి ఈ చర్చను మరింత చిక్కుపరచినది. 2023 జనవరి నుండి ఉపాధి పనుల హాజరు ఫోనులోని యాప్‌లో, రోజుకు రెండు ఫోటోలతో వేయటం తప్పనిసరి చేశారు. 2024 జనవరి నుండి కూలి చెల్లింపు ఆధారుతో ముడిపడినది. దొంగ హాజరును అరికట్టటం ఉద్దేశమన్నారు. వ్రాత ఉన్నది, కాదనలేము. కాని సిగ్నలు లేక ఫోటో ఎక్కని రోజు పని చేసినవాని చేతిలో ఏమున్నది? వెనుక జాబుకార్డులో మేటు వేసిన హాజరైనా కూలీ ఇంట్లో పెట్టెలో ఉండేది. 282వ ఆయతు వ్రాయమన్నది ఇద్దరికీ అనుమానం లేకుండ ఉండటానికి. వ్రాత ఒకరి చేతిలోనే ఉన్నప్పుడు అనుమానం తొలగదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ పాత చట్టం స్థానంలో 125 రోజుల హామీతో కొత్త చట్టాన్ని ఆమోదించినది. రోజులు పెరిగినవని సంతోషించేవారు, హామీ సడలినదని విమర్శించేవారు ఉన్నారు. కూలీ చేతిలో మిగిలే కాగితమేది అన్న ప్రశ్నను ఇరువురిలో ఎక్కువమంది అడగటం లేదు.

ధర్మబోధకుని పని హృదయాలను మార్చటమే, రుజువులు కోర్టుల సంగతి అనేవారు ఉంటారు. దానికి సమాధానం హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉన్నది. వివాదాలు తనవద్దకు తెస్తారనీ, వారిలో ఒకరు మరొకరికన్న వాదనాపటిమ గలవారు కావచ్చుననీ, తాను విన్నదానిని బట్టి తీర్పు చెబుతాననీ, ఆ విధంగా సోదరుని హక్కు ఎవరికైనా దక్కితే అది నిప్పుకణిక అనీ మహాప్రవక్త (స) హెచ్చరించారు. హృదయానికి చెప్పవలసినది ఇందులో ఉన్నది. దానితోపాటు, ప్రవక్త (స) సన్నిధిలోనైనా తీర్పు విన్నదానిపైననే ఆధారపడుతుందని, మాటకారి నెగ్గే ప్రమాదం ఉన్నదని కూడ ఉన్నది. అనంతపురం పల్లెలో మాటకారి ఎవరు, కూలీనా, గుత్తేదారా?

ఈ విమర్శ బయటివారికి మాత్రమే తగిలేదైతే సులువుగా ఉండేది. మస్జిదులో ఐదుపూటలా నిలబడే ఇమాము, తెల్లవారుజామున లేచే ముఅజ్జిను, మక్తబులో పిల్లలకు పాఠం చెప్పే ముదర్రిసు ఎవరి అజీర్లు? పూర్వపు హనఫీ విద్వాంసులు ఇమామత్‌కూ, అజానుకూ, ఖుర్ఆన్ బోధనకూ వేతనం అంగీకరించలేదు. తరువాతివారు అవసరాన్ని గుర్తించి అనుమతించారు. అనుమతి వచ్చి శతాబ్దాలైనది. పాత సంకోచం మాత్రం భాషలో నిలిచిపోయినది. జీతాన్ని జీతమనరు, నజరానా అంటారు, హదియా అంటారు. కానుకకు గడువు లేదు, కానుక ఆలస్యమైతే అడిగేవాడు అత్యాశాపరుడవుతాడు. రమజానులో జోలె నిండుగా వచ్చినదని చెప్పి షాబాను నెల జీతం అందులో కలిపి లెక్కచూపితే, అది వేరు ఇది వేరని అనగల ముఅజ్జిను అరుదు. అంటే, వెళ్ళవచ్చునంటారు. వినటానికి పై అధికారి లేడు, జమాఅత్‌లో ఆ ప్రసంగం తేవటం అమర్యాద. నియమిత వేళలలో తనను తాను ఒకే చోట అప్పగించినవాడు కాబట్టి ఫిఖహ్ ప్రకారం అతడు అజీరె ఖాస్, జీతగాడు. అతనికి రావలసినది ఉజ్రత్. చెమట హదీసును ఆ మింబరు మీదనుండే ఎన్నోసార్లు చదివిన ఇమాము తన విషయంలో దానిని ఉదహరించలేడు. హిదాయాలోని కితాబుల్ ఇజారాత్‌ను పాఠంగా చెప్పే ముదర్రిసు చేతిలో కూడ చాలచోట్ల తన నియామక పత్రం ఉండదు.